పీక్ మాయమైంది, సీఓడీ మూడింతలైంది: ఫెంటన్‌తో సిప్రోఫ్లాక్సాసిన్ నిజంగా పోయినట్టేనా?

ల్యాబ్‌లో_రాత్రులు
నాలుగు నెలలుగా ఫెంటన్ పద్ధతిలో, అంటే ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పుట్టించే ర్యాడికల్స్‌తో (ఎదురుపడినదాన్ని విరిచేసే చురుకైన కణాలు), నీళ్లలోంచి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ని తీసేసే పని మీద ఉన్నాను. నిన్నటి ఫలితం చూశాక రాత్రి నిద్ర పట్టలేదు.

చేసింది ఇదీ. డిస్టిల్డ్ వాటర్‌లో లీటరుకు 20 మి.గ్రా. సిప్రో. పీహెచ్ 3. ఫెర్రస్ సల్ఫేట్ వేశాను, ఇనుము లెక్కలో లీటరుకు 11 మి.గ్రా. హైడ్రోజన్ పెరాక్సైడ్ 340 మి.గ్రా. అరగంట కలియబెట్టి, కాస్టిక్ సోడాతో పీహెచ్ 8కి తెచ్చాను. ఇనుము తుప్పురంగు తెట్టెలు కట్టి అడుక్కి దిగింది. పైన తేరిన నీళ్లు తీసి పరీక్షలకు పెట్టాను.

హెచ్‌పీఎల్‌సీలో (నీళ్లలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) సిప్రో పీక్, అంటే గ్రాఫ్‌లో ఆ మందు చూపించే శిఖరం, అసలు లేదు. సంతోషపడేలోపే సీఓడీ (నీళ్లలో ఉన్నవాటిని ఆక్సీకరణం చేయడానికి కావలసిన ఆక్సిజన్, లీటరుకు మి.గ్రా.ల్లో) వచ్చింది. మొదట 36 ఉన్నది 112 అయింది! ఇ.కోలై ప్లేటులో గుంట చేసి ఈ నీళ్లు పోస్తే చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం 2 సెం.మీ. దాకా ఉంది. మందు పోయి ఉంటే బ్యాక్టీరియా ఎందుకు చస్తోంది?

గైడ్ "పీక్ పోయింది కదా, 99% తొలగింపు అని రాసెయ్" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
మిగిలిన పెరాక్సైడ్‌ని చంపావా లేదా?

ల్యాబ్‌లో_రాత్రులు
పీహెచ్ 8 చేస్తే రియాక్షన్ ఆగిపోతుంది కదండీ?

పాత_బీకరు
ఇనుము దిగిపోతుంది కాబట్టి ఫెంటన్ ఆగుతుంది. పెరాక్సైడ్ మాత్రం చాలావరకు నీళ్లలోనే ఉంటుంది. నీ రెండు చిక్కులకూ అదే కారణమని నా అనుమానం.

సీఓడీ పరీక్షలో డైక్రోమేట్ అనే ఆక్సీకరణ రసాయనం ఎంత ఖర్చయిందో చూస్తాం. పెరాక్సైడ్ ఎప్పుడూ ఆక్సిజన్ ఇచ్చేదే అనుకుంటాం కానీ, డైక్రోమేట్ ముందు అదే ఎలక్ట్రాన్లు ఇచ్చుకుని ఆక్సిజన్ వాయువుగా లేచిపోతుంది. 34 గ్రాముల పెరాక్సైడ్ 16 గ్రాముల ఆక్సిజన్‌కి సమానం. అంటే 1 మి.గ్రా. పెరాక్సైడ్ మిగిలితే సీఓడీ 0.47 దాకా ఎక్కువ చూపిస్తుంది. నువ్వు వేసిన 340లో 200 మిగిలిందనుకో, ఒక్క దానివల్లే 94 వస్తుంది. 20 మి.గ్రా. సిప్రోకి లెక్క ప్రకారం రావాల్సిన సీఓడీ 34. నీకు మొదట 36 వచ్చిందంటే నీ చేతిపని బాగానే ఉంది. 112లోంచి 94 తీసేస్తే ఎంత మిగిలిందో నువ్వే చూసుకో.

ఇక వలయం. పెరాక్సైడ్ గాయాలు కడిగే మందు. ఇ.కోలై దానికి చావదా?

కాలువగట్టు
శుభ్రం చేయడానికి వేసిందే కొలతను తినేసిందన్నమాట. కంచే చేను మేసింది.

సూక్ష్మజీవి_మిత్ర
పాత_బీకరు గారు చెప్పింది సగం వరకే ఒప్పుకుంటాను. వలయం మొత్తం పెరాక్సైడ్‌దే అని ఇప్పుడే తేల్చేయకండి. సిప్రో అంటే ఇ.కోలైకి హడల్. క్వాలిటీ కంట్రోల్‌కి వాడే రకాన్ని ఆపడానికి లీటరుకు 0.004 నుంచి 0.016 మి.గ్రా. చాలు. 20 మి.గ్రా.తో మొదలుపెట్టి 99% తీసేసినా ఇంకా 0.2 మి.గ్రా. ఉంటుంది. అది ఆ బ్యాక్టీరియాకి పది రెట్ల పైచిలుకు మోతాదు. మామూలు యూవీ డిటెక్టర్ ఉన్న హెచ్‌పీఎల్‌సీకి అక్కడ చూపు ఆనకపోవచ్చు. బ్యాక్టీరియాకి మాత్రం తెలిసిపోతుంది.

కాబట్టి ప్లేటులో కనీసం నాలుగు గుంటలు పెట్టు: ఉత్త నీళ్లు, అంతే పెరాక్సైడ్ ఉన్న నీళ్లు, శుద్ధి చేసిన నీళ్లు, శుద్ధి చేశాక పెరాక్సైడ్ కూడా తీసేసిన నీళ్లు. నాలుగోదే నీకు కావలసిన జవాబు.

ల్యాబ్‌లో_రాత్రులు
ఇంతవరకూ ఒక్కసారి కూడా పెరాక్సైడ్ కొలవలేదు 😔 దాన్ని తీసేయడానికి ఏం వేయాలి?

వడపోత
మాంగనీస్ డయాక్సైడ్ పొడి చిటికెడు వెయ్యి. బుసబుసా పొంగి ఆక్సిజన్ పోతుంది. తర్వాత వడకట్టెయ్.

పాత_బీకరు
వడపోత గారూ, వేరే మందుకైతే సరే, సిప్రోకి అది వద్దు. మాంగనీస్ ఆక్సైడ్లు ఫ్లోరోక్వినోలోన్లని (సిప్రో ఆ కుటుంబందే) పట్టుకుంటాయి, ఆక్సీకరణం కూడా చేస్తాయి. శాంపిల్‌ని ఆపబోయి ఇంకో రియాక్షన్ మొదలుపెట్టినట్టు అవుతుంది.

సల్ఫైట్ వేయొచ్చు కానీ ఎక్కువైతే దానికీ సీఓడీ ఉంది. కాటలేజ్ ఎంజైమ్ నయం. పీహెచ్ 7 దగ్గరికి తెచ్చాకే వెయ్యాలి, ఆమ్లంలో అది పని చేయదు. అదీ ప్రోటీనే కాబట్టి కాటలేజ్ మాత్రమే వేసిన నీళ్లకి విడిగా సీఓడీ చేసి ఆ అంకె తీసెయ్.

పెరాక్సైడ్ మిగిలిందో లేదో చూడటం తేలిక. టైటానియం సల్ఫేట్ ద్రావణం రెండు చుక్కలు వేస్తే పెరాక్సైడ్ ఉన్న నీళ్లు వెంటనే పసుపు పచ్చగా మారతాయి. ఎంత ముదురు పసుపైతే అంత పెరాక్సైడ్. 410 నానోమీటర్ల దగ్గర చూస్తే అంకె కూడా వస్తుంది.

వడపోత
ఒప్పుకుంటున్నాను, ఆ సంగతి నాకు తెలియదు. అయితే నేనూ ఒకటి అడుగుతా. అడుక్కి దిగిన ఆ తుప్పురంగు బురదని ఏం చేశావు? సిప్రోకి ఇనుమంటే మహా ఇష్టం. దాని అణువులో పక్కపక్కనే ఉన్న కీటోన్, కార్బాక్సిల్ రెండూ కలిసి ఫెర్రిక్ ఇనుమును పట్టకారులా పట్టుకుంటాయి. పైనీళ్లలో పీక్ లేదంటే మందు విరిగిపోయి ఉండొచ్చు, లేదా బురదలో హాయిగా కూర్చుని ఉండొచ్చు. ఆ బురదని ఆమ్లంలో కరిగించి దాన్ని కూడా హెచ్‌పీఎల్‌సీకి పెట్టు.

ల్యాబ్‌లో_రాత్రులు
బురద సింకులో పోశానండీ... నాలుగు నెలలూ అదే చేశాను.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
అయ్యో. ఇక నుంచి పొయ్యకు. ప్లాంట్‌లో ఫెంటన్ పెట్టినవాళ్లకి రోజూ ఉండే తలనొప్పే ఆ బురద. దాన్ని పిండి, ఎండబెట్టి, ప్రమాదకర వ్యర్థాల కింద పంపాలి. అందులో మందు అంటుకుని ఉందంటే నీళ్లలోంచి తీసి బురదలో పెట్టినట్టే.

సూర్యకిరణం
ఇందుకే నేను ఇనుము జోలికి పోవద్దంటాను. టైటానియం డయాక్సైడ్, ఎండ, అంతే. బురద లేదు, ఆమ్లం లేదు, పెరాక్సైడ్ లేదు. 1972లో ఫుజిషిమా, హోండా వెలుతురుతో నీటిని విడగొట్టి చూపించినప్పటి నుంచి ఇంతమంది దీని మీద పని చేస్తున్నారంటే ఊరికే కాదు కదా.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
పని చేస్తున్నారు సరే, రోజుకు లక్షల లీటర్లు శుద్ధి చేసే ప్లాంట్లలో ఎన్నింట్లో ఉంది?

టైటానియా, అదే టైటానియం డయాక్సైడ్, పని చేయడానికి 387 నానోమీటర్ల కంటే తక్కువ కిరణాలు కావాలి. ఎండలో అవి నూటికి నాలుగైదు పాళ్లే. నీళ్లు కాస్త మడ్డిగా ఉంటే అవీ లోపలికి దిగవు. పోనీ యూవీ దీపాలు పెడదామంటే కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది. కాలుష్యం పదో వంతుకు తగ్గడానికి ఘనపు మీటరుకు ఎన్ని యూనిట్లు కావాలి అని ఒక లెక్క ఉంది. ఓజోన్, యూవీ-పెరాక్సైడ్ లాంటివి 1 యూనిట్ లోపు తిరుగుతాయి. ఫోటో-ఫెంటన్ (వెలుతురు కలిపిన ఫెంటన్) 1 నుంచి 100 మధ్య. దీపాలతో నడిచే టైటానియా 100 దాటుతుందని 2018లో వచ్చిన పెద్ద సమీక్షలోనే ఉంది. పైగా ఆ నానో పొడిని నీళ్లలోంచి తిరిగి పట్టుకోవడం ఇంకో కథ.

సూర్యకిరణం
దీపాల లెక్క ఎండకి వర్తించదండీ, ఎండకి బిల్లు రాదు. పొడి బదులు గాజు పలకల మీద పూత వేసి నేను ఎనిమిది నెలలు నడిపాను. మెల్లగా అయినా పని చేసింది. పూత పలచబడిందని నాలుగో నెలలో ఒకసారి మళ్లీ వేయాల్సి వచ్చింది, అది నిజం. చిన్న క్లినిక్ నీళ్లకి, స్థలం ఉన్నచోట, ఇది తీసిపారేసే పద్ధతి కాదు.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
చిన్నదానికి సరే. అక్కడ మీతో గొడవ లేదు.

నీటిగంట
ఫెంటన్, టైటానియా తప్ప ఇంకేమీ లేనట్టు మాట్లాడుకుంటున్నారు. పెద్ద ఎత్తున నిజంగా నడుస్తున్నది ఓజోన్. స్విట్జర్లాండ్‌లో 2016 నుంచి చట్టమే ఉంది. ఎంపిక చేసిన మురుగునీటి ప్లాంట్లు సూక్ష్మ కాలుష్యాలను 80% తగ్గించాలి. అది చూడటానికి పెట్టుకున్న 12 పదార్థాల్లో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఉంది. అక్కడ కొందరు ఓజోన్ వాడతారు, కొందరు యాక్టివేటెడ్ కార్బన్.

ఓజోన్ సల్ఫామెథాక్సజోల్‌ని చూస్తే వదలదు, క్షణాల్లో పని అయిపోతుంది. సిప్రోతో అంతకంటే వంద రెట్లు నిదానం, అయినా సరిపోతుంది. నీళ్లలో కరిగిన సేంద్రియ కార్బన్ గ్రాముకు అర గ్రాము పైచిలుకు ఓజోన్ వేస్తే చాలామటుకు తేలిపోతుంది.

కాలువగట్టు
ఇంత బాగుంటే అందరూ అదే పెట్టొచ్చుగా?

నీటిగంట
నీళ్లలో బ్రోమైడ్ ఉంటే ఓజోన్ దాన్ని బ్రోమేట్ చేస్తుంది. అది క్యాన్సర్ కారకం కావచ్చని దాని మీద గట్టి నిఘా ఉంది. తాగేనీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అందుకే ఓజోన్ పెట్టేముందు బ్రోమైడ్ కొలవకుండా ఎవరూ అడుగు వేయకూడదు. ఓజోన్ తర్వాత ఇసుక వడపోత కూడా ఉండాలి. ఆ ఇసుకలో ఉండే సూక్ష్మజీవులు విరిగిన ముక్కల్లో తినగలిగినవాటిని తినేస్తాయి.

ఇంటిమనిషి
మీ చర్చ సగం అర్థమైంది, సగం కాలేదు. భయం మాత్రం వేస్తోంది. తాగే నీళ్లలో ఇవి ఉంటే మరిగిస్తే పోతాయా? ఆర్వో పెట్టుకుంటే?

సూక్ష్మజీవి_మిత్ర
మరిగిస్తే సిప్రో లాంటివి పోవు, అది వేడికి తట్టుకుంటుంది. ఆర్వో చాలావరకు ఆపుతుంది కానీ ఆపినదాన్ని రిజెక్ట్ నీళ్లలో చిక్కగా బయటికి వదులుతుంది. మీరు టెన్షన్ పడకండి. తాగేనీటిలో ఎక్కడైనా కనబడినా నానోగ్రాముల్లో ఉంటుంది, ఒక మాత్రతో పోలిస్తే లక్షల రెట్లు తక్కువ.

అసలు భయం మురుగునీటిలోని బ్యాక్టీరియా గురించి. చంపలేనంత కొద్ది మందు మధ్య అవి తరాల తరబడి బతుకుతాయి. ఆ మందుకు లొంగనివి పెరుగుతాయి, ఆ జన్యువుల్ని పక్కవాటికి పంచుతాయి. రేపు మనకో పిల్లలకో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు మందు పని చేయకపోవడం అక్కడ మొదలవుతుంది. సిప్రో వల్ల ఇలా లొంగనివి పెరగకుండా ఉండాలంటే లీటరుకు 0.064 మైక్రోగ్రాముల లోపు ఉండాలని 2016లో ఒక అంచనా వేశారు. ఇప్పుడు పైనున్న 99% లెక్కకు రండి. మిగిలిన 0.2 మి.గ్రా. అంటే 200 మైక్రోగ్రాములు. ఆ హద్దుకి మూడు వేల రెట్లు!

ఇంటిమనిషి
ఇప్పుడు అర్థమైంది. థాంక్సండీ.

ల్యాబ్‌లో_రాత్రులు
మూడు వేల రెట్లు... ఈ లెక్క నేనెప్పుడూ వేయలేదు. గ్రాఫ్‌లో 99 దగ్గర గీత పడుకుంటే పని అయిపోయిందనుకున్నాను.

విరిగినవలయం
ముక్కల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. సిప్రో అణువులో ర్యాడికల్ ముందుగా కొరికేది సాధారణంగా పిపరజీన్ వలయాన్ని. మందుకి బలాన్నిచ్చే క్వినోలోన్ గుండెకాయ అప్పటికి చెక్కుచెదరదు. పీక్ పోతుంది, ఎందుకంటే అది ఇప్పుడు వేరే అణువు. బ్యాక్టీరియాని చంపే గుణం కొంత మిగిలే ఉంటుంది. అందుకే టీఓసీ (నీళ్లలోని మొత్తం సేంద్రియ కార్బన్) చూడమంటాను. కార్బన్ మొత్తం కార్బన్ డయాక్సైడ్‌గా పోయేదాకా శుద్ధి అయినట్టు కాదు.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
టీఓసీ సున్నా చేయాలంటే ప్లాంట్ దివాలా తీస్తుంది. చివర్లో మిగిలే ఆక్సాలిక్ లాంటి చిన్న ఆమ్లాలని కాల్చడానికి పెరాక్సైడ్ పొయ్యడం ఎందుకు? వాటిని బ్యాక్టీరియా పుక్కటికి తింటుంది. మందు కోర విరిచేంతవరకు ఆక్సీకరణం, ఆపైన బయో ట్యాంకు. బీఓడీకి (బ్యాక్టీరియా తినగలిగినదాన్ని తినడానికి వాడుకునే ఆక్సిజన్) సీఓడీకి ఉన్న నిష్పత్తి 0.3 దాటితే నేను రియాక్టర్ ఆపేస్తాను.

విరిగినవలయం
కోర విరిగిందని దేన్ని చూసి చెబుతున్నారు? ఆ నిష్పత్తి చూసా? అది తిండి ఉందని చెబుతుంది, విషం లేదని చెప్పదు.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
న్యాయమే. మా దగ్గర ప్లేటు పరీక్ష లేదు. పెట్టించాలి.

ల్యాబువాళ్లకి నా వైపు నుంచి కూడా ఒక మాట. నేను పనిచేసిన ఒక చోట ఇలాంటి రెసిపీనే ల్యాబ్ నుంచి కాగితం మీద తెచ్చారు, "పీహెచ్ 3కి తేవాలి" అని. డిస్టిల్డ్ వాటర్‌కి నాలుగు చుక్కల ఆమ్లం చాలు. మా నీళ్లలో బైకార్బనేట్ దండిగా ఉంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తున్నకొద్దీ పీహెచ్ 6 దగ్గరే మొండికేసింది. ఇంకా పోశాం. ఒక్కసారిగా కార్బన్ డయాక్సైడ్ బుడగలు లేచి నురగ ట్యాంకు అంచు దాటి నడవ మీదికి వచ్చింది. బూట్లు తడిసేదాకా ఎవరూ పంపు ఆపలేదు. అంత ఆమ్లం, మళ్లీ పైకి తేవడానికి అంత కాస్టిక్. చివరికి బయటికి వెళ్లిన నీళ్లు ఉప్పు కషాయం.

నీటిగంట
పీహెచ్ తగ్గించకుండా యూవీ-పెరాక్సైడ్ పెట్టినా బైకార్బనేట్ ఊరుకోదు. ర్యాడికల్ బతికేది మైక్రోసెకన్ల లోపే. ఆలోపు ఎవరు ఎదురుపడితే వాళ్లని పట్టుకుంటుంది. మురుగునీటిలో సిప్రో మైక్రోగ్రాముల్లో ఉంటుంది, బైకార్బనేట్ వందల మిల్లీగ్రాముల్లో, మిగతా సేంద్రియాలు పదుల మిల్లీగ్రాముల్లో. జాతరలో తప్పిపోయిన పిల్లాడిని వెతికినట్టే. పైగా 254 నానోమీటర్ల వెలుతురుని పెరాక్సైడ్ చాలా తక్కువ పీల్చుకుంటుంది. వేసినదాంట్లో ఎక్కువ భాగం అలాగే బయటికొస్తుంది. మళ్లీ దాన్ని తీసేయడానికి కార్బన్ బెడ్.

డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన వేగాన్ని చూసి మురిసిపోకు తమ్ముడూ, నిజమైన నీళ్లలో చెయ్యి.

సూర్యకిరణం
యూవీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ప్లాంట్లలో క్రిములు చంపడానికి ఎలాగూ యూవీ దీపాలుంటాయి కదా, వాటితోనే నిరోధక జన్యువులు కూడా పోవా?

సూక్ష్మజీవి_మిత్ర
క్రిములకి చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్లు మామూలు మోతాదు. దానికి బ్యాక్టీరియా చస్తుంది, జన్యువు ముక్కలు మాత్రం చాలావరకు నిలిచే ఉంటాయి. చచ్చిన కణం పగిలి డీఎన్‌ఏ నీళ్లలోకి వస్తే పక్కది దాన్ని ఏరుకునే వీలుంది. ఆక్సీకరణానికి పెట్టే యూవీ మోతాదు వందల మిల్లీజౌళ్లలో ఉంటుంది, అక్కడ జన్యువుకీ దెబ్బ గట్టిగా తగులుతుంది.

కాలువగట్టు
నాది పామరుడి ప్రశ్న. ఇదంతా ఊరి మురుగంతా కలిశాక వెతుక్కోవడం దేనికి? మందు తయారయ్యే చోటే పట్టుకుంటే?

పాత_బీకరు
పామరుడి ప్రశ్న కాదు, అసలు ప్రశ్న అదే. తయారీ చోట మందు మిల్లీగ్రాముల్లో చిక్కగా ఉంటుంది, ర్యాడికల్‌కి వెతుక్కునే పని తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది యూరప్ తెచ్చిన మురుగునీటి ఆదేశంలో ఈ అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80% మందులు, సౌందర్య సాధనాలు తయారుచేసేవాళ్లు భరించాలని పెట్టారు. ఇది న్యాయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇంకో సంగతి. అన్నిటికీ ర్యాడికల్ అక్కర్లేదు. అమాక్సిసిల్లిన్ లాంటివాటిలో బీటా-లాక్టమ్ వలయం క్షారంలో దానంతట అదే తెరుచుకుంటుంది, వలయం తెరుచుకుంటే మందు పని అయిపోయినట్టే. అలాంటి నీళ్లని సిప్రో నీళ్లతో కలపకుండా విడిగా పట్టి కాస్టిక్ వేస్తే చాలు. కలిపేశాక అందరికీ కష్టం.

ల్యాబ్‌లో_రాత్రులు
పది రోజులు కనబడనందుకు ఏమీ అనుకోకండి, మీరు చెప్పినవన్నీ చేశాను.

టైటానియం సల్ఫేట్ వేయగానే టెస్ట్ ట్యూబు ముదురు పసుపు అయింది. కొలిస్తే పెరాక్సైడ్ లీటరుకు 190 మి.గ్రా. మిగిలి ఉంది. కాటలేజ్ వేసి, దాని సీఓడీ తీసేస్తే నీళ్ల అసలు సీఓడీ 21.

ప్లేటు సంగతి. ఉత్త పెరాక్సైడ్ గుంటకే 17 మి.మీ. వలయం వచ్చింది. పాత_బీకరు గారు చెప్పింది నిజం. పెరాక్సైడ్ తీసేసిన నాలుగో గుంట చుట్టూ 12 మి.మీ. వలయం మిగిలింది. సూక్ష్మజీవి_మిత్ర గారు చెప్పిందీ నిజం. బురదని ఆమ్లంలో కరిగిస్తే అందులో సిప్రో దొరికింది, మొదట వేసినదాంట్లో ఏడో వంతు. వడపోత గారూ, ఆ రోజు మీరు అడగకపోతే అది ఇంకా సింకులోకే పోయేది.

తర్వాత పెరాక్సైడ్‌ని ఒకేసారి పోయకుండా మూడు విడతలుగా వేసి గంటన్నర నడిపాను. ప్రతి పది నిమిషాలకీ శాంపిల్. పీక్ ఇరవయ్యో నిమిషానికే పోయింది. వలయం మాత్రం ఎనభయ్యో నిమిషం దాకా ఉంది, రోజురోజుకీ తరిగే చంద్రుడిలా చిన్నదవుతూ. తొంభయ్యో నిమిషం ప్లేటు మీద గుంట అంచుదాకా బ్యాక్టీరియా పెరిగింది. బ్యాక్టీరియా పెరిగినందుకు ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదు.

ఇరవయ్యో నిమిషం ప్లేటునీ తొంభయ్యో నిమిషం ప్లేటునీ గైడ్ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. చాలాసేపు చూసి, డ్రాఫ్ట్‌లో 99% ఉన్న వాక్యాన్ని ఆయనే కొట్టేశారు.

సూక్ష్మజీవి_మిత్ర
ఆ రెండు ప్లేట్ల ఫొటో మొదటి బొమ్మగా పెట్టు.

విరిగినవలయం
ఇరవై నుంచి ఎనభై నిమిషాల మధ్య శాంపిల్స్ పారేయకు. ఆ అరవై నిమిషాల్లో ఏ ముక్క బతికుందో మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూడాలి. వెలుతురు తగలకుండా ముదురు రంగు సీసాల్లో దాచు, సిప్రో ఎండకీ విరుగుతుంది.

ల్యాబ్‌లో_రాత్రులు
దాచానండీ, ఫ్రీజర్‌లో ఉన్నాయి. వచ్చే వారం డిస్టిల్డ్ వాటర్ మానేసి నిజమైన నీళ్లతో మొదలుపెట్టాలి. శుద్ధి చేసిన మురుగునీళ్లు ఎక్కడ దొరుకుతాయో చూస్తున్నాను.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
మెసేజ్ పెట్టు, మా రెండో క్లారిఫయర్ (నీళ్లు తేరుకునే ట్యాంకు) దగ్గర పట్టి ఇస్తాను. 20 లీటర్ల క్యాన్లు రెండు తెచ్చుకో, ఐసు పెట్టె కూడా. ఆమ్లం పోసేముందు ఆల్కలినిటీ (బైకార్బనేట్ లాంటివి ఎంత ఉన్నాయో) కొలువు, బీకరు సగం కంటే ఎక్కువ నింపకు. పాత బూట్లు వేసుకో.